ప్లేనార్ స్పీకర్లు మన ఎండలకూ ముసురుకూ నిలుస్తాయా?

సెకండ్ హ్యాండ్‌లో ఒక జత ప్లేనార్ మాగ్నెటిక్ స్పీకర్లు (పెట్టె, కోను లేకుండా, తీగ అతికించిన పలుచని పొర కంపించి పలికే నిలువు పలకలు) దొరుకుతున్నాయనీ, మన వాతావరణంలో అవి ఎన్నాళ్లు మన్నుతాయో తెలియక వెనకాడుతున్నాననీ మీరు రాశారు. హన్మకొండలో మా ఇంట్లో అలాంటి జత ఒకటి చాలా ఏళ్లుగా పాడుతూనే ఉంది. అవి మన్నుతాయని నేను నిస్సంకోచంగా చెబుతాను. పాడైనా బాగుచేయగల చేతులు మన ఊళ్లోనే ఉన్నాయి. ఈ రెండో మాట ఎవరూ చెప్పడం లేదు కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక శ్రావణ మాసంలో, రోజుల తరబడి ముసురు పట్టి గోడలు కూడా చెమ్మగిల్లి ఉన్నప్పుడు, వీణ మంద్రస్థాయికి దిగిన ప్రతిసారీ ఎడమ పలక జివ్వుమనడం మొదలుపెట్టింది. హైదరాబాదులోని ఒక డీలరుకు ఫోన్ చేస్తే, కనీసం ఏ స్వరం దగ్గర చప్పుడు వస్తోందని కూడా అడగకుండా, పలక మొత్తం మార్చాల్సిందేనని తేల్చేశాడు. విప్పి చూడకుండానే కొత్తది కొనుక్కోమనే ఈ ధోరణి నాకు ఎంతమాత్రం నచ్చదు. చెక్క పట్టీలు తీసి, గుడ్డను పట్టుకొని ఉన్న పిన్నులను ఒక్కొక్కటిగా ఊడదీసి చూస్తే, కిందిభాగంలో జిగురు పొడిపొడిగా రాలిపోయి, తీగ పొరను వదిలేసి దానికే కొట్టుకుంటూ కనిపించింది. తీగ చివర ఒకచోట తెగింది కూడా.

ములుగు రోడ్డు వైపు బోరు మోటార్లకు వైండింగ్ చేసే ఒక మెకానిక్ నాకు తెలుసు. యాసంగిలో నీళ్లు పారే సమయానికి కాలిపోయిన మోటార్లతో ఆయన షాపు నిండిపోతుంది కానీ, అది వానకాలం కనుక తీరిక దొరికి ఇంటికి వచ్చాడు. వెంట్రుక కంటే పలుచని మైలార్ అనే ప్లాస్టిక్ పొరనూ, దాని మీద వరుసలుగా అతికించిన అల్యూమినియం తీగనూ, వెనుక ఉన్న అయస్కాంతపు పట్టీలనూ కాసేపు పరీక్షగా చూసి, "ఇది గూడ వైండింగే గద సార్, సుట్టకుంట పరిచిండ్రు, గంతే" అన్నాడు. 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో, ఇలాంటి స్పీకర్లు చేసే మాగ్నెపాన్ సంస్థను స్థాపించిన జిమ్ వైనీ అనే ఇంజనీరు అంతకుముందు త్రీఎం సంస్థలో పనిచేశాడు. ఆయన రూపొందించిన ఈ పద్ధతిని ఇంతకంటే క్లుప్తంగా వివరించినవారిని నేను ఎరుగను. అల్యూమినియానికి మామూలు టంకం పట్టదని మా మెకానిక్, తెగిన చోట బ్లేడుతో ఎనామిల్ గీకి, సన్నని రాగి గొట్టంలో రెండు కొనలనూ దూర్చి నొక్కి బిగించాడు. పలకను బల్ల మీద పడుకోబెట్టి, పాత జిగురును స్పిరిట్‌తో తుడిచి, తీగను దాని గీత మీదనే కూర్చి, నీళ్లలో కలిసే కాంటాక్ట్ జిగురును పలుచగా పూశాము. ఆరిన తరువాత అదే వీణ పెడితే ఎడమ పలక శుభ్రంగా పలికింది. ఆ పలక నేటికీ అలాగే పాడుతోంది.

నా అనుభవంలో జిగురుకు అసలు శత్రువు వాన కాదు, ఎండ. నా కంటే ముందున్న యజమాని ఆ పలకను పడమటి కిటికీ ముందు నిలబెట్టేవాడు; గుడ్డ రంగు వెలిసిన చోటనే జిగురు పొడి అయింది. మే నెలలో మా దగ్గర కిటికీ ఊచలు ముట్టుకోలేనంతగా కాలుతాయి కనుక, ఎండ నేరుగా తగలని గోడ వైపు వాటిని నిలపండి. ఇంట్లో గ్రిల్లు వెల్డింగో గ్రైండింగో జరుగుతుంటే స్పీకర్లను వేరే గదిలోకి మార్చండి. ఇనుపరజను అయస్కాంతాల సందుల్లోకి చేరిందంటే దానిని బయటికి తీయడం మహా కష్టం.

ఇక వీటికి బాస్ లేదనే మాట నాకు కోపం తెప్పిస్తుంది. ఈ పలకలు ముందుకు ఎంత ధ్వని పంపుతాయో వెనక్కూ అంతే పంపుతాయి, అదీ వ్యతిరేక ఫేజులో, అంటే ముందు గాలిని నెట్టినప్పుడు వెనుక లాగుతూ. గోడకు ఆనించి పెడితే వెనుక ధ్వని వెంటనే తిరిగివచ్చి ముందుదానితో కలగాపులగమవుతుంది. షోరూముల్లో సరిగ్గా అలాగే గోడకు చేర్చి వినిపించి, జనాన్ని తిప్పి పంపుతున్నారు. మా హాలులో అవి గోడకు మీటరుకు పైగా ఎడంగా, రెండు తలుపు రెక్కల్లాగా నడిమధ్య నిలబడి ఉంటాయి. మా ఇంటావిడ మొదట్లో అభ్యంతరం చెప్పినా, మృదంగంలో తొప్పి, అంటే ఎడమ ముఖం, పలికే గుంభనం విన్నాక ఆ చోటు వాటికే వదిలేసింది. పెళ్లి ఊరేగింపుల డీజే పెట్టెలకు అలవాటుపడి గుండె అదిరితేనే బాస్ అనుకునేవారికి ఆ తేడా తెలియదు. కేబుళ్ల మీద వేలు తగలేసేవారు ఆ డబ్బును ఈ పలకల్లాంటి నాలుగు ఓముల (తక్కువ నిరోధం ఉన్న) లోడుకు ధారాళంగా కరెంటు ఇవ్వగల యాంప్లిఫయరు మీద పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. వాట్ల అంకె చూసి మోసపోకండి.

కనుక మీరు ఆ జతను చూడటానికి వెళ్లినప్పుడు, అది ఇన్నాళ్లూ ఏ కిటికీ దగ్గర ఉందో ముందుగా అడగండి. ఫోనులో టోన్ జనరేటర్ (కోరిన హెర్ట్జ్‌లో ఒకే స్వరం వినిపించే యాప్) పెట్టి, నలభై హెర్ట్జ్ నుంచి మూడు వందల వరకు నెమ్మదిగా పెంచుతూ ఒక్కో పలకనూ విడిగా వినండి. ఎక్కడైనా జివ్వుమంటే బేరం సగానికి దించి అడగండి. తరువాత హన్మకొండకు తీసుకురండి, ఆ మెకానిక్ షాపు నేను చూపిస్తాను.