పబ్లిక్ పాలసీలో ప్రొఫెసర్ కావాలంటే పీజీ ఎందులో చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ వద్దంటోంది. పబ్లిక్ పాలసీ, పట్టణాలూ పల్లెల ప్లానింగ్ మీద పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. అసలు అలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? చదువు అయ్యేసరికి ముప్పై ఏళ్లు వస్తాయి. గ్రూప్స్ రాయమంటే వినడం లేదు. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

ఉద్యోగాలు ఉన్నాయండీ. కాకపోతే ‘పబ్లిక్ పాలసీ అసిస్టెంట్ ప్రొఫెసర్’ అని నోటిఫికేషన్ రావడం తక్కువ. చాలామంది పిల్లలు బోల్తా పడేది ఇక్కడే కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి, ముప్పై ఏళ్ల టెన్షన్ దగ్గరికి తర్వాత వస్తాను.

మన యూనివర్సిటీలు పోస్టును డిపార్ట్‌మెంట్ పేరుతో ఇస్తాయి. పొలిటికల్ సైన్స్‌లో రెండు, ఎకనామిక్స్‌లో ఒకటి, ప్లానింగ్‌లో మూడు, ఇలా. కింద అర్హతల్లో ‘సంబంధిత సబ్జెక్టులో పీజీ’ అని ఒక లైను ఉంటుంది. పీహెచ్‌డీ ఎంత బాగా చేసినా, పేపర్లు ఎన్ని అచ్చయినా, దరఖాస్తులు వడపోసే చోట ఆ ఒక్క లైను దగ్గర పేరు పక్కన పెట్టేస్తారు. మీ అమ్మాయికి నచ్చిన విషయం నాలుగైదు డిపార్ట్‌మెంట్లలో ముక్కలు ముక్కలుగా ఉంది కాబట్టి ఏ డిపార్ట్‌మెంట్ మనిషిగా బయటికి రావాలో పీజీ సీటు తీసుకునే రోజే తేల్చుకోవాలి. పీహెచ్‌డీ టాపిక్ ఏమిటి, గైడ్ ఎవరు, ఇండియానా ఫారినా, ఇవన్నీ ఆ తర్వాతి ప్రశ్నలు.

విచిత్రం ఏమిటంటే మొదట్లో ఈ గోడలు లేవు. 1914లో మన దేశానికి వచ్చి ఎన్నో ఊళ్లకు ప్లానింగ్ రిపోర్టులు రాసిన స్కాట్లాండ్ ప్లానర్ పాట్రిక్ గెడెస్, 1919లో బాంబే యూనివర్సిటీలో సోషియాలజీ ప్రొఫెసర్‌గా చేరాడు. ఇవాళ అదే మనిషి దరఖాస్తు చేస్తే స్క్రూటినీ దాటడం అనుమానమే!

సరే, బీటెక్ సివిల్ చేసిన అమ్మాయికి నికరంగా కనపడే దారులు రెండు.

ఒకటి ప్లానింగ్. ఎం.ప్లాన్, అంటే ప్లానింగ్‌లో పీజీ కోర్సుల్లోకి సివిల్ వాళ్లను తీసుకుంటారు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ) ఉంది, కేంద్ర సంస్థ, 2008లో పెట్టారు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఉంది. బయటికి వెళ్లగలిగితే ఢిల్లీ, భోపాల్ ఎస్‌పీఏలు, ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ రూర్కీ, అహ్మదాబాద్‌లో సెప్ట్ యూనివర్సిటీ. వీటిలో చాలా చోట్ల గేట్ స్కోరు అక్కరకొస్తుంది. ఈ దారిలో ఒక సౌలభ్యం ఉంది, లెక్చరర్ పోస్టులకు రాసే అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ప్లానింగ్‌కు విడిగా పేపర్ లేదు, నెట్ జరగని సబ్జెక్టుల్లో లెక్చరర్ పోస్టుకు నెట్ అడగరు. బీటెక్ చదువు కూడా ఇక్కడ వృథా పోదు, డ్రైనేజీ, రోడ్లు, నీటి సరఫరా తెలిసిన మనిషికి క్లాసులో గౌరవం వేరే.

రెండోది సోషల్ సైన్స్. అంటే పబ్లిక్ పాలసీ, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, ఎకనామిక్స్, సోషియాలజీ, వీటిలో ఏదో ఒక దాంట్లో ఎంఏ. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) హైదరాబాద్ క్యాంపస్, బెంగళూరులో నేషనల్ లా స్కూల్, అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, ఐఐటీ బాంబేలో పాలసీ స్టడీస్ సెంటర్, ఇలా మంచి చోట్లే ఉన్నాయి. చదువు బాగుంటుంది, చదివించేవాళ్లూ బాగుంటారు. చిక్కు తర్వాతే. డిగ్రీ మీద ‘పబ్లిక్ పాలసీ’ అని ఉంటే స్టేట్ యూనివర్సిటీ పొలిటికల్ సైన్స్ పోస్టుకు అది సంబంధిత సబ్జెక్టేనా అని కొర్రీ పెట్టే అవకాశం ఉంది. ప్రైవేటు యూనివర్సిటీలు, ఐఐటీలు, ఐఐఎంలు ఈ విషయంలో అంత పట్టుబట్టవు, పీహెచ్‌డీ, పబ్లికేషన్లు చూస్తాయి. కాబట్టి అమ్మాయి కన్ను గవర్నమెంట్ యూనివర్సిటీ మీదుంటే ఎకనామిక్స్ లాంటి పాత పేరున్న ఎంఏ చేసి పాలసీని పీహెచ్‌డీకి ఉంచుకోవడం క్షేమం.

నన్నడిగితే ఈ అమ్మాయికి ప్లానింగ్ దారే చెబుతాను. ఎకనామిక్స్‌ను అడుగు నుంచి మొదలుపెట్టే ఓపిక ఉంటే వేరే మాట.

ఇప్పుడొక కొత్త మెలిక. 2022 పీహెచ్‌డీ నిబంధనల తర్వాత నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు పీజీ లేకుండా నేరుగా పీహెచ్‌డీకి వెళ్లొచ్చు, నెట్ కూడా తమకు కావలసిన సబ్జెక్టులో రాయొచ్చు. ఇది విని పిల్లలు ఎగిరి గంతేస్తున్నారు, రెండేళ్లు మిగులుతాయని. అలా నెట్ పాసైతే జేఆర్‌ఎఫ్‌కు (పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్), పీహెచ్‌డీ అడ్మిషన్‌కు పనికొస్తుంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత మాత్రం ఇవ్వరు. పైగా ఇందాకటి ‘సంబంధిత సబ్జెక్టులో పీజీ’ లైను ఎక్కడికీ పోలేదు. మిగిలాయనుకున్న రెండేళ్లు తర్వాత ఎక్కడో కట్టాల్సి వస్తుంది. ఈ షార్ట్‌కట్ వద్దు.

డబ్బు సంగతికి వద్దాం, మీరు నేరుగా అడగకపోయినా మనసులో ఉండేది అదే కదా. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి. ఇంట్లో చేయి చాపకుండా చదువుకోవచ్చు. జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి 30, ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఉంది, కాబట్టి ఆ లెక్కన కంగారు లేదు. ప్లానింగ్‌లో వెళ్తే జేఆర్‌ఎఫ్ బదులు ఆ సంస్థే ఇచ్చే ఫెలోషిప్ మీద ఆధారపడాలి, చేరే ముందు ఎన్నేళ్లు ఇస్తారో కాగితం మీద చూసుకోండి, ఎందుకంటే పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు అని రాసి ఉన్నా ఈ సబ్జెక్టులో ఫీల్డ్ వర్క్ ఉంటుంది, నాలుగైదేళ్లు పట్టడం మామూలే.

ఉద్యోగం వచ్చాక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది, డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలుస్తాయి. ఐఐటీలో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూల వేతనమే 1,01,500. వినడానికి బాగున్నాయి. కానీ రెగ్యులర్ పోస్టు దొరికే లోపు గెస్ట్ ఫ్యాకల్టీగానో కాంట్రాక్టు మీదో ఒకటి రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, గడపాల్సి రావచ్చు, ఆ రోజుల్లో బీటెక్ క్లాస్‌మేట్ల జీతాలతో పోల్చుకుంటే నిద్ర పట్టదు. ఇది అమ్మాయికీ చెప్పండి. మీరు భయపెట్టినట్టు కాకుండా, లెక్క చెప్పినట్టు చెప్పండి.

అవసరం మాత్రం ఉంది. పట్టణ ప్లానింగ్ మీద నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖలకు 12,000 పైగా ప్లానర్లు కావాలి, మంజూరైన పోస్టులు 4,000 లోపే, అందులోనూ సగం ఖాళీ. ఇంతమందిని తయారు చేయాలంటే పాఠం చెప్పేవాళ్లు కావాలి కదా అని మనకు అనిపిస్తుంది. అవసరం ఉండటం వేరు, ఆర్థిక శాఖ ఫైలు మీద సంతకం పడటం వేరు. అందుకే యూనివర్సిటీ ఒక్కటే లోకం అనుకోవద్దు. హైదరాబాద్‌లోనే ఆర్థిక, సామాజిక పరిశోధన చేసే సెస్ ఉంది, గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీపీఆర్ ఉంది, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ) ఉంది, పట్టణాల మీద పనిచేసేవి ఢిల్లీలో ఎన్‌ఐయూఏ, బెంగళూరులో ఐఐహెచ్‌ఎస్ ఉన్నాయి. పరిశోధన చేసుకుంటూ బతకడానికి ఇవీ చోట్లే, కొన్నింటిలో పాఠాలూ చెప్పొచ్చు.

ఇంతకీ ఈ చదువులో రోజూ చేసే పనేమిటో మీకు తెలియాలి, లేకపోతే ‘ప్రొఫెసర్’ అన్న మాట తప్ప ఇంకేమీ కనపడదు. ఒక ఉదాహరణ తీసుకోండి. 1908లో మూసీ వరద వచ్చి హైదరాబాద్‌ను ముంచేశాక కట్టిన జలాశయాలు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. వాటి క్యాచ్‌మెంట్‌ను, అంటే వాటిలోకి వాన నీరు వచ్చి చేరే ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో జీవో 111 ఇచ్చారు, 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. సివిల్ ఇంజినీర్‌ను అడిగితే వాన నీరు ఎంత చేరుతుంది, కాంక్రీటు పెరిగితే అది ఎంత మారుతుంది అని లెక్క వేస్తాడు. పాలసీ చదివిన మనిషి ఇంకో నాలుగు ప్రశ్నలు వేయాలి: నగరానికి మంచినీళ్ల కోసం ఆ ఊళ్ల రైతు ఇరవై ఆరేళ్లు భూమికి ధర లేకుండా ఉంటే ఆ నష్టం ఎవరు భరించారు? ఆంక్షలున్నా ఎవరి ఫామ్‌హౌస్‌లు లేచాయి? ఎత్తేశాక లాభం అసలు రైతుకు పోయిందా, ముందే కొనిపెట్టుకున్నవాళ్లకు పోయిందా? దీనికి రిజిస్ట్రేషన్ రికార్డులు తిరగేయాలి, శాటిలైట్ బొమ్మలు పోల్చాలి, ఆ ఊళ్లకు వెళ్లి అరుగు మీద కూర్చుని ముసలాళ్లతో మాట్లాడాలి, చివరికి అదంతా ఇంగ్లీషులో ఇరవై పేజీల్లో ఎవరూ తప్పు పట్టలేనట్టు రాయాలి. ఆ రాయడం దగ్గరే మన ఇంజినీరింగ్ పిల్లలు ఎక్కువ కష్టపడతారు, లెక్కల దగ్గర కాదు.

అందుకని అమ్మాయికి ఒక పరీక్ష పెట్టండి, ఖర్చు లేనిది. ఈ సెలవుల్లో మీకు తెలిసిన ఏదైనా గ్రామ పంచాయతీ తీసుకుని, దాని అభివృద్ధి ప్రణాళిక, అదే జీపీడీపీ, ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్‌లో తెరవమనండి. రాసిన పనుల్లో ఏవి జరిగాయి, ఏవి ఆగాయి, ఎందుకు ఆగాయి అని ఊళ్లో తిరిగి కనుక్కుని పది పేజీలు రాయమనండి. క్యూజీఐఎస్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఆ ఊరి మ్యాపు వేసి పనులు గుర్తించగలిగితే ఇంకా మంచిది. మూడో రోజుకే విసుగొస్తే ఆమెకు నచ్చింది ప్రొఫెసర్ అన్న పేరు మాత్రమే అని మీ ఇద్దరికీ తెలిసిపోతుంది. సెక్రటరీ గారి వెంటపడి ఆగిన డ్రైనేజీ పని ఫైలు చూపించమని అడిగి వస్తే, గ్రూప్స్ ఊసు ఎత్తకండి. ఆ పది పేజీలు తర్వాత ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి కూడా పనికొస్తాయి.

ఫారిన్ పీహెచ్‌డీ గురించి ఒక్క మాట. అమెరికాలో మంచి ప్రోగ్రాములు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి, నెదర్లాండ్స్‌లో చాలా పీహెచ్‌డీలు జీతమిచ్చే ఉద్యోగాల్లాంటివే. సొంత డబ్బుతో, ముఖ్యంగా అప్పు చేసి, ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీకి పంపకండి. ఫండింగ్ వచ్చిందా వెళ్లడం, రాలేదా ఇక్కడే చేయడం.

గైడ్ విషయంలో పేరు చూసి మోసపోవద్దు. గత నాలుగైదేళ్లలో ఆయన లేదా ఆవిడ ఏం రాశారో చదవాలి, వాళ్ల దగ్గర ఇప్పుడున్న స్కాలర్లతో విడిగా ఫోన్లో మాట్లాడాలి. మీ థీసిస్ ఎన్నో ఏట సబ్మిట్ అవుతుందనుకుంటున్నారు అని అడిగితే చాలు, జవాబు వచ్చే లోపు ఉండే మౌనాన్ని బట్టే సగం తెలిసిపోతుంది. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్ల జోలికి అసలు పోవద్దు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవాళ్లు వాటిని పేరు చూడగానే గుర్తుపడతారు.

ఇక ముప్పై ఏళ్ల సంగతి. ఇరవై ఒకటికి బీటెక్, ఇరవై మూడుకు ఎం.ప్లాన్, వీలైతే ఒక ఏడాది కన్సల్టెన్సీలోనో టౌన్ ప్లానింగ్ ఆఫీసు ప్రాజెక్టులోనో ఉద్యోగం, ఆ తర్వాత పీహెచ్‌డీ. ఇరవై తొమ్మిది, ముప్పైకి పూర్తవుతుంది, మీ లెక్క కరెక్టే. పెళ్లి గురించే మీ దిగులైతే అది మీ ఇంటి విషయం, నేను చెప్పేది కాదు, కాకపోతే నెల నెలా ఫెలోషిప్ తీసుకుంటూ పీహెచ్‌డీ చేసే అమ్మాయిని ‘ఇంకా చదువుకుంటోంది’ అని చుట్టాల ముందు నసుగుతూ చెప్పనక్కర్లేదు. గ్రూప్స్‌కు కూడా దారి మూసుకుపోదు. ఎం.ప్లాన్ ఉంటే టౌన్ ప్లానింగ్ శాఖ పోస్టులకు అర్హత వస్తుంది, అవి పడినప్పుడు రాసుకోవచ్చు.

ప్రస్తుతానికి చేయాల్సింది గేట్. దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్‌లో ప్లానింగ్ వాళ్లకు విడిగా ఒక భాగం ఉంటుంది, ఆ సిలబస్ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకుని చూడమనండి. సివిల్ పేపర్‌తో రాయాలా, దీంతోనా అన్నది తాను చేరాలనుకున్న సంస్థ గత ఏడాది అడ్మిషన్ బ్రోషర్ చూసి నిర్ణయించుకోవాలి. అది చదివాక సందేహాలుంటే ఈసారి తననే రాయమనండి.