కూలర్ కొందామంటున్నారు మా ఆయన, కొనమంటారా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి, డాబా ఇల్లు. రోహిణి కార్తెలో రాత్రి పదకొండైనా స్లాబు సెగ తగ్గట్లేదు. ఏసీ వేస్తే బిల్లు చూసి గుండె జారిపోతోంది, కూలర్ కొంటే కరెంటు కలిసొస్తుందా అండి?
– ఒక గృహిణి, కోనసీమ

జవాబు: కొనకండమ్మా. కూలర్ పనిచేసేది పొడి గాలిలో, నీళ్ళు ఆవిరైతేనే చల్లదనం, మన కాలవలు చెరువుల మధ్య గాలే తడిగా ఉంటే ఇంకేం ఆవిరవుద్ది, ఒళ్ళు జిడ్డు తప్ప ఏమీ మిగలదు. ముందు స్లాబు సంగతి చూడండి. మీ దగ్గర కొబ్బరాకులకి కరువా చెప్పండి, డాబా మీద గాలాడేలా పందిరి వేయించండి, లేదంటే తెల్ల సున్నమైనా కొట్టించండి, ఎండ వెనక్కి కొడుతుంది.

ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకోవడమేంటో నాకైతే అర్థం కాదు! 26లో పెట్టి ఫ్యాన్ చిన్నగా తిప్పండి, డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగుల్తుంది, ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి.

పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే, కొత్త రకం మోటారుతో తక్కువ కరెంటుకే తిరిగే బీఎల్‌డీసీది 30 లోపే, రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి ఒక్కో ఫ్యాన్ మీద 20 యూనిట్లు తగ్గుతాయి. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, పడగ్గదిది మార్చండి చాలు.