పాపను గుండెల మీద పెట్టుకుంటానన్నావట

బ్రాడీపేట, గుంటూరు

బుజ్జీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పురిటి స్నానం కూడా కాకుండానే రోజూ తాడేపల్లి నుంచి బ్యారేజీ దాటి విజయవాడ ఆసుపత్రికి వెళ్తానని, నెలలు నిండకుండా పుట్టిన పాపను కంగారూలా ఒంటికి ఒళ్లు తగిలేట్టు గుండెకు అదుముకుని కూర్చుంటానని అన్నావట. కుట్లు ఆరలేదు, చెవుల్లో దూది పెట్టుకోదు అని ఒకటే గోల. నాకూ గుండె దడదడలాడింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. వెళ్లమ్మా.

గాజులు, ఉంగరాలు తీసేసి మోచేతుల దాకా చేతులు కడుక్కో. ముందు గుండీలున్న నైటీ వేసుకో. పాలు చుక్కలే వచ్చినా పిండి ఇవ్వు. నెల తిరిగేలోపు పాపకు కంటి పరీక్ష చేయించాలని వాళ్లు చెప్పకపోయినా నువ్వు అడుగు. నీకు ఓపిక లేని పూట అల్లుడు చొక్కా విప్పి పెట్టుకోవచ్చు, సిగ్గేం లేదు.

ఇక నా సంగతి. 1986లో మీ అన్నయ్య ఏడో నెలలో పుట్టాడు. 'ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డే బతకడు' అని మా అత్తగారు ధైర్యం చెప్పారు. వట్టి మాట. కడుపులో ఉన్న ప్రతి వారం బిడ్డకు బలమే. వాడు 27 రోజులు ఆ అద్దాల పెట్టెలో, అదే ఇంక్యుబేటర్‌లో ఉన్నాడు. ఆ రోజుల్లో తల్లిని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, కానీ కిటికీలోంచి చూడనిచ్చేవాళ్లు. నేను వెళ్లలేదు. బాలింత గడప దాటకూడదన్నారని అందరికీ చెప్పాను. నిజం ఇన్నాళ్లకు నీకు చెబుతున్నాను, బతకడేమోనని భయపడ్డాను. చూస్తే మమకారం పెరుగుతుందని చూడలేదు.

ఇంటికొచ్చాక ఎత్తుకోవాలన్నా చేతులు వణికేవి. నీళ్లు మా అమ్మే పోసేది. ఆ భయం వాడితో పాటే పెరిగింది. సైకిల్ తొక్కనివ్వలేదు, వానలో తడవనివ్వలేదు, హాస్టల్‌కు పంపలేదు. ఎవరైనా తుమ్మితే వాళ్లింటికి పోనివ్వలేదు. ఇరవై ఆరేళ్లప్పుడు వాడు ఉద్యోగం మానేసి గది తలుపేసుకున్నాడు. సైకియాట్రిస్టు దగ్గర నేనే ముందు ఏడ్చాను, ఆ 27 రోజులే వీణ్ణిలా చేశాయని. ఆయన ఓపిగ్గా చెప్పాడు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో పెద్దయ్యాక ఆందోళన, డిప్రెషన్ కాస్త ఎక్కువగా కనిపిస్తాయట. అందరికీ రావు, ఫలానా రోజుల వల్లే వచ్చాయని వేలు పెట్టి చూపలేం. "ఆ 27 రోజులు వదిలెయ్యండమ్మా, ఆ తర్వాతి ఇరవై ఏళ్ల గురించి చెప్పండి" అన్నాడు. నా దగ్గర మాట లేదు.

ఈ కంగారూ పద్ధతి డబ్బున్నవాళ్ల ముచ్చట అంటోందట మీ అమ్మ. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది ఇది. అక్కడ అలా పెరిగిన పిల్లల్ని 20 ఏళ్లకు మళ్లీ చూస్తే, మామూలు పద్ధతిలో పెరిగినవాళ్ల కంటే దుడుకుతనం, నిలకడలేనితనం తక్కువగా ఉన్నాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే రోజుకు 8 నుంచి 24 గంటలు పెట్టుకోమంటోంది. ఎనిమిది గంటలని బెదరకు, కుదిరినంతసేపు కూర్చో. జ్వరమొచ్చి ఒకరోజు వెళ్లలేకపోతే పాపకు నువ్వు పరాయిదానివి అయిపోవు, ఆ రోజు పడుకో.

ఒకవేళ పాపను చూసినా ఏమీ అనిపించకపోతే, రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, డాక్టరుకు చెప్పు. 'బాలింత బెంగ' అని కొట్టిపారేస్తే నాకు ఫోన్ చెయ్యి, నేనొచ్చి మాట్లాడతాను. మా రోజుల్లో నేను ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం వస్తున్నాను. మీ అన్నయ్యే కారులో తీసుకొస్తానన్నాడు. పాప ఎంతుందని అడిగితే 1,400 గ్రాములన్నాను. "నాకంటే వంద ఎక్కువే" అన్నాడు. వాడికి ఆ లెక్క తెలుసని నాకు ఇప్పటిదాకా తెలియదు.

మీ పెద్దమ్మ