రూముకి తిథి, తిండికి గంట

చిరంజీవి రవికి మావయ్య ఆశీస్సులు.

అమ్మనీ, అమ్మాయినీ, పిల్లలిద్దరినీ తీసుకుని రాజమండ్రి, కాకినాడ, కుదిరితే కోనసీమ నాలుగు రోజులు తిరుగుతామన్నావు. ఇల్లుండగా హోటలేమిట్రా అని అడగను. అయిదుగురికి ఒక బాత్రూము లెక్క నాకూ తెలుసు. చవగ్గా ఎక్కడ దిగాలి, ఎక్కడ తింటే బావుంటుంది అన్నావు గనక అంతవరకే రాస్తున్నాను.

ముందు ఫోన్లో యాప్ తెరవకు, పంచాంగం తెరువు. మన వైపు రూము అద్దె ఊరిని బట్టి కంటే తిథిని బట్టి మారుతుంది. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం, ఈ నెలల్లో గట్టి ముహూర్తం ఉన్న రాత్రి పెళ్ళివారు ఒక్కో లాడ్జిలో పదేసి రూములు టోకున పట్టేస్తారు. మిగిలిన రెండు మూడింటికి కౌంటర్లో ఉన్నవాడు చెప్పిందే రేటు. అవే రూములు ఆషాఢంలో, భాద్రపదంలో ఖాళీగా ఉంటాయి, అడిగితే తగ్గిస్తారు. కాకపోతే అది గోదావరికి వరదల కాలం. నీరు పెరిగితే ఘాట్లలోకి దిగనివ్వరు, పాపికొండల లాంచీలు ఆపేస్తారు. పుష్యంలో కూడా పెళ్ళిళ్ళుండవు కదా అని మోసపోకు, మామూలుగా సంక్రాంతి పడేది ఆ నెలలోనే. భోగి నుంచి కనుమ దాకా కోడిపందేలకొచ్చే జనంతో భీమవరం, అమలాపురం వైపు చిన్న లాడ్జిలో కూడా మంచం దొరకదు, దొరికినా మామూలు రేటుకి రెండు మూడింతలు.

ఇక కార్తీకం. పంచారామాల్లో నాలుగు మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి: ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం. ఆదివారం రాత్రి బయల్దేరి సోమవారం దర్శనాలు చేసుకునే బస్సులు వరస కడతాయి. ఆ నెలలో రావాలనుకుంటే మంగళవారం నుంచి శుక్రవారం లోపు పెట్టుకో. 2027లో గోదావరి పుష్కరాలు, ఆ పన్నెండు రోజులూ చవక అన్న మాటే మరిచిపో.

దిగడం మాత్రం రాజమండ్రిలో దిగు. మెయిన్ లైన్ మీద ఊరు, లాడ్జిలు ఎక్కువ, పోటీ ఉన్నచోట రేటు అదుపులో ఉంటుంది. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు, రావులపాలెం మీదుగా బస్సులో పొద్దున్నే వెళ్ళి రాత్రికి వెనక్కి రావచ్చు. కాకినాడకి ఒక రాత్రి చాలు. టికెట్టు తీసేటప్పుడు ఒకటి చూసుకో. దూరపు రైళ్ళు చాలావరకు కాకినాడ ఊళ్ళోకి రావు, సామర్లకోటలో దింపేసి పోతాయి. అక్కణ్ణించి బస్సులో సుమారు పదిహేను కిలోమీటర్లు.

రాజమండ్రిలో నడిచి తిరగాలంటే కోటగుమ్మం, మెయిన్ రోడ్డు వైపు చూడు. పుష్కర ఘాటూ, బజారూ, గోదావరి స్టేషనూ అన్నీ దగ్గర. కానీ అటువైపు లాడ్జిలు పాతవి, కొన్నింట్లో లిఫ్టు ఉండదు, సందుల్లో కారు పెట్టుకోను చోటుండదు. అక్కయ్య మోకాళ్ళతో రెండో అంతస్తు ఎక్కలేదు గనక దానవాయిపేట వైపు కాస్త కొత్తవాటిలో చూడు. సొంత కారులో వస్తే మోరంపూడి, లాలాచెరువు వైపు హైవే దగ్గర పార్కింగు సుఖం. రాత్రంతా లారీల హారన్లు ఉంటాయి, వెనకవైపు రూము అడుగు.

చెకౌట్ లెక్క దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. మన దగ్గర రెండు పద్ధతులున్నాయి. పాత లాడ్జిల్లో 24 గంటలది, కొత్త హోటళ్ళలో మధ్యాహ్నం 12కి. మీ రైలు శనివారం తెల్లవారుజామున 5కి దింపింది, ఆదివారం రాత్రి 9కి కాకినాడ వెళ్ళిపోతారు అనుకో. 24 గంటల లాడ్జిలో రెండు రోజుల అద్దె. మధ్యాహ్నం 12 చెకౌట్ హోటల్లో శనివారం మధ్యాహ్నానికే ఒకరోజు అయిపోతుంది, ఆదివారం మధ్యాహ్నానికి రెండు, ఆ తరవాత కూర్చున్నందుకు మూడోది. రూము రేటు రెండొందలు తక్కువని అందులో దిగితే నీకే నష్టం. ఆదివారం మధ్యాహ్నం సామాను కౌంటర్లో పెట్టుకోనిస్తారా అని ముందే అడిగితే ఆ మూడో రోజు తప్పుతుంది.

తెల్లవారుజాము రైలుకి ఇంకో దారి స్టేషన్లో రిటైరింగ్ రూము. ఖరారైన టికెట్టుగాని ఆర్ఏసీగాని ఉంటే పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. అక్కడే స్నానాలవీ కానిచ్చి, సామాను క్లోక్ రూములో పడేసి, మధ్యాహ్నం హోటల్లో దిగండి. రూములు కొద్దే ఉంటాయి గనక టికెట్టు ఖరారైన రోజే చూసుకో. అన్నవరం కూడా కలుపుకుంటే కొండ మీద దేవస్థానం సత్రాలు కుటుంబానికి శుభ్రంగా, చవగ్గా ఉంటాయి. అందరి ఆధార్ కావాలి, కొండ మీద మాంసం ఊసు ఉండకూడదు, అంతే.

బుకింగుకి పద్ధతి ఇది: రేటు యాప్‌లో చూడు, బేరం ఫోన్లో ఆడు. యాప్‌కి ఇచ్చే కమీషన్ మిగులుతుంది గనక "నేరుగా వస్తే ఎంత?" అంటే చిన్న హోటళ్ళవాళ్ళు తగ్గిస్తారు. మామూలు రోజుల్లో ఏసీ డబుల్ రూము సుమారు 1,500 నుంచి 2,500 లోపు దొరకాలి. అయితే గూగుల్లో పేరు కొట్టగానే కనపడే ప్రతి నంబరూ హోటల్‌ది కాదు. నకిలీ నంబరు పెట్టి అడ్వాన్సు నొక్కేసేవాళ్ళున్నారు. డబ్బు పంపేముందు యూపీఐలో వచ్చే పేరు చూడు. హోటల్ పేరు కాకుండా ఎవరో మనిషి పేరొస్తే ఆగు. "మీకు ఎదురుగా ఏముందండీ?" అని అడిగి మ్యాపులో సరిచూసుకో. ఒక రోజు అద్దె మించి అడ్వాన్సు పంపకు.

ఫోన్లోనే అడగాల్సినవి: లిఫ్టు ఉందా? కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యానూ లైటేనా? వేణ్ణీళ్ళు ఎప్పుడూ వస్తాయా, పొద్దున రెండు గంటలేనా? కిటికీకి దోమల మెష్ ఉందా? చివరిది తేలిక ప్రశ్న అనుకోకు, కాలవల ఊళ్ళలో సాయంత్రం ఆరు తరవాత దోమే అసలు యజమాని. అయిదుగురికి ఒకటే నాలుగు మంచాల రూము ఇస్తామంటారు. ఉదాహరణకి అది 2,800 అయ్యి, రెండు డబుల్స్ కలిపి 3,200 అయినా, ఒకే అంతస్తులో పక్కపక్కన దొరికితే రెండు డబుల్సే తీసుకో. ఆ నాలుగొందలూ రెండో బాత్రూముకి.

తాళం తీసుకునేముందు రూము చూపించమను. లోపలికెళ్ళగానే ఏసీ వేస్తారు, ఆపించు. తడిసిన గోడ వాసన, బాత్రూము కంపు ఏసీ చల్లదనంలో తెలియవు. తరవాత మంచం తలవైపు దుప్పటి లేపి, పరుపు కుట్టు వెంట ఫోన్ లైటు వెయ్యి. కుట్టు మీద మిరియపు పొడి జల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి పక్కన గోధుమరంగు పొట్టు కనిపిస్తే నల్లులున్నట్టే. ఇంకో రూము కాదు, ఇంకో లాడ్జి చూసుకో, అవి గోడ దాటి పక్క రూముకీ పోతాయి. పంపు తిప్పి చేతికి సబ్బు రాయి. నురగ రాకపోతే ఉప్పు బోరు నీళ్ళు. భీమవరం, కాకినాడ తీరం వైపు ఇది మామూలే, స్నానానికి పరవాలేదు గాని పళ్ళు తోముకోడానికి కూడా బాటిల్ నీళ్ళే వాడండి. ఆధార్ జిరాక్సు అడిగితే చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దాని మీద హోటల్ పేరు, తారీఖు రాయి.

బిల్లు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 లోపు రూముకి జీఎస్టీ 5 శాతమే. 2,000 రూముకి వంద రూపాయలు, ఇంకా 12 శాతం వేస్తే కాగితం చూపించమను. మనం తినే మామూలు హోటళ్ళలో భోజనానికీ 5 శాతమే, ఏసీ హాలైనా మామూలు హాలైనా. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకుండా ట్యాక్సు వేస్తే కట్టనక్కర్లేదు. సర్వీస్ చార్జి అన్నది నీ ఇష్టం, తీసెయ్యమంటే తీసెయ్యాలి.

ఇక తిండి. రూముకి తిథి అయితే తిండికి గంట. మన వైపు ప్రతిదానికీ ఒక వేళ ఉంది, ఆ వేళ దాటితే అదే హోటలు వేరే హోటలవుతుంది. టిఫినుకి ఏడున్నర లోపు వెళ్ళాలి. పెసరట్టు పిండి పులవకూడదు. అప్పుడే రుబ్బిన పిండి పచ్చి పెసల వాసనేస్తుంది, పదింటికి అదే బకెట్టు పుల్లగా మారుతుంది. ఎండకి కొబ్బరి చట్నీ ఇంకా ముందే పాడవుతుంది. పెనం నీకు కనపడేచోట కూర్చో, చట్నీ బకెట్టు పక్కన గిన్నెలు కడిగే తొట్టె చూడు. ఆ నీళ్ళు మారుస్తున్నారంటే లోపల వంట గురించి బెంగ అక్కర్లేదు.

దిబ్బరొట్టె తినకుండా వెళ్ళకు, కొందరు మినపరొట్టె అంటారు. మినప్పిండిలో ఇడ్లీరవ్వ కలిపి, నూనె పోసిన మందపాటి మూకుడులో రెండంగుళాల ఎత్తు పోస్తారు. మూత మీద కూడా నిప్పులు పెట్టి సన్నసెగ మీద ఉంచుతారు. తిరగేసినప్పుడు అడుగు ఎర్రగా కరకరలాడుతూ, విరిస్తే లోపల తెల్లగా దూదిలా ఉండాలి. అరగంట దాకా పడుతుంది, అయిదు నిమిషాల్లో తెచ్చిచ్చారంటే పొద్దున్నది వేడి చేసినట్టు. చెప్పేసి కూర్చోండి, ఈలోగా పిల్లలకి ఇడ్లీ పెట్టించు. చెరకు పానకం ఉంటే దాంతో తినండి. కోనసీమ వెళ్ళే రోజు అంబాజీపేటలో పొట్టిక్కలు, పనసాకు బుట్టల్లో ఉడికే ఇడ్లీలు, పొద్దున్నే అయిపోతాయి. అందుకే ఆ రోజు మొదటి బస్సు పట్టుకో.

మధ్యాహ్నం భోజనం పన్నెండున్నర లోపు. కాకినాడ రామారావుపేటలో సుబ్బయ్యగారి హోటలు అరిటాకు భోజనానికి పేరున్నది, ఒంటిగంటకి వెళితే నిలబడాలి. పిల్లలు సగం కూడా తినలేరు, వాళ్ళకి విడి ఆకు తీసుకునేముందు ఆలోచించు.

చేపల దగ్గర నోరు జాగ్రత్త. "ఈ రోజు ఏం చేప?" అని అడుగు, "ఏమున్నాయి?" అనకు. వెంటనే కొరమీను, పండుగప్ప అని పేరు చెబితే సరే, "అన్నీ ఉన్నాయండీ" అంటే అన్నీ ఫ్రీజర్లో ఉన్నట్టు. రేటు ముక్కకా, ప్లేటుకా, కేజీకా అన్నది తినకముందే తేల్చుకో. పులస పేరు చెప్పేచోట మరీను. వరద నీటికి సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదే ఆ చేప జూలై నుంచి సెప్టెంబరు లోపే దొరుకుతుంది, కేజీ వేలల్లో ఉంటుంది. మరే నెలలో బోర్డు పెట్టినా అది సముద్రపు ఇలస. ఇలస కూడా మంచి చేపే, ఇలస రేటుకి తిను. ఒక్క చేపల పులుసు మాత్రం నిన్నటిదని చెబితే సంతోషంగా వేయించుకో, మరుసటి రోజే రుచి.

సాయంత్రం గోదావరి గట్టు మీద బజ్జీలు, పుష్కర ఘాట్ దగ్గర హారతి, కోటగుమ్మం వైపు కోవా వేసిన రోజ్ మిల్కు. గట్టు మీద కాగే నూనె రంగు చూసి తిను, నల్లగా ఉంటే పక్క బండికి నడు.

ఇంటికి పట్టుకెళ్ళేవి చివరి రోజు కొను. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకన్న ముద్ర, వచ్చింది, హైవే పక్కన ప్రతి కొట్టూ ఆ పేరే రాసుకుంటుంది. ఒకటి విప్పించి చూడు. రేకు కాగితంలా పల్చగా ఉండి, పొర పొరకీ నెయ్యి తగలాలి. పొడి పొడిగా రాలితే వద్దు. సూట్‌కేసు అడుగున పెడితే హైదరాబాదు చేరేసరికి పిండే మిగులుతుంది, చేతిసంచిలో పైన పెట్టుకో. కాకినాడ గొట్టం కాజా పాకం కారుతుంది, డబ్బాకి ఇంకో కవరు వేయించు.

టికెట్లు తీసే ముందు తారీఖులు ఒకసారి పంపు, ముహూర్తాలు చూసి చెబుతాను. అక్కయ్య మోకాలి పట్టీ మరిచిపోకండి.

ఇట్లు,
మీ మావయ్య