నవల మూసేయగానే నా జీవితం గురించి దిగులు మొదలవుతోంది, చదవడం మానేయాలా?

మానేయొద్దు. మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: మీకు ఇరవై రెండేళ్లు, రాత్రిళ్లు నవలలు చదువుతారు, చదివినంతసేపూ హాయిగా ఉంటుంది, మూసేయగానే "నేనేం చేస్తున్నాను, ఎటు పోతున్నాను" అనే ఆలోచనలు చుట్టుముట్టి నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్లేమో అన్నిటికీ ఆ పుస్తకాలే కారణం అంటున్నారు, చదవడమంటే జీవితం నుంచి పారిపోవడమేనా అని మీకూ అనుమానం. ఆ ఆలోచనలు పుస్తకం వల్ల పుట్టాయని నేను అనుకోను. అవి ముందునుంచే ఉన్నాయి. పగలంతా పనులూ ఫోనూ వాటికి చోటివ్వలేదు, కథలో పడి మనసు కాస్త నెమ్మదించాక పైకొచ్చాయి, అంతే.

చదువైపోయి ఉద్యోగం దొరకని రోజుల్లో నాకూ ఇలాగే ఉండేది. అప్పుడు చదివిన ఒక నవలలో ఒకావిడ ఉంటుంది, ఎవరేం అడిగినా సరేనంటుంది, కుదరదు అనాల్సిన చోట నవ్వి ఊరుకుంటుంది, తర్వాత గదిలో ఒంటరిగా కుమిలిపోతుంది. ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే పుస్తకం పక్కన పడేసి మర్నాడంతా మనసులో ఆమెతో పోట్లాడుతూనే ఉన్నాను. నిజానికి ఆ నవలలో దుర్మార్గులు వేరే ఉన్నారు, వాళ్లెవరి మీదా నాకు అంత కోపం రాలేదు, ఎవరికీ హాని చేయని ఈ మనిషి మీదే ఎందుకు అన్నది తేలక చివరికి నోట్‌బుక్ తీసి రాయడం మొదలుపెట్టాను. రెండో పేజీకి వచ్చేసరికి ఆమె సంగతి వదిలేసి నా సంగతి రాస్తున్నాను. ఇష్టం లేని కోచింగ్‌కి తలూపడం, అడిగినవాళ్లందరికీ "బానే ఉన్నా" అని చెప్పడం, నాకే చాలని డబ్బులోంచి ఇంకొకరికి సర్దుతానని మాటివ్వడం, అన్నీ వరసగా వచ్చాయి.

అప్పట్నుంచి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. మీ గురించి మీకు తెలియాలంటే నచ్చిన పాత్రని కాదు, చిరాకు తెప్పించిన పాత్రని పట్టుకోండి. నచ్చిన పాత్రలో మనం ఎలా ఉండాలనుకుంటున్నామో కనిపిస్తుంది, అది మనకు ముందే తెలుసు. చిరాకు మాత్రం మనం చూడకుండా దాటేస్తున్న చోటికి తీసుకెళ్తుంది. పాత్రని రచయిత సరిగా రాయలేకపోయినా చిరాకొస్తుంది, నిజమే, కానీ అలాంటి పాత్ర నాలుగు రోజుల్లో గుర్తుండదు. వారం తర్వాత కూడా వాదన సాగుతోందంటే అక్కడ మీదేదో ఉంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మన బాధని మనమే బయట నిలబడి, వేరే మనిషి బాధని చూసినట్టు చూస్తే దాని తీవ్రత తగ్గుతుందని ఈథన్ క్రాస్ లాంటి సైకాలజిస్టులు చాలా ప్రయోగాల్లో చూపించారు. కథలో ఆ దూరం ముందే ఉంటుంది, మనం కష్టపడి తెచ్చుకోనక్కర్లేదు.

అయితే ఆలోచించడంలోనూ రెండు రకాలున్నాయి, మీ విషయంలో నాకు ముఖ్యంగా కనిపిస్తున్నది ఇదే. "నాకే ఎందుకిలా", "నేనెందుకు ఇలాంటి మనిషిని" అని ఒకే ప్రశ్న చుట్టూ తిరగడం దిగులుని పొడిగిస్తుందని సుసాన్ నోలెన్-హోక్సెమా అనే సైకాలజిస్టు ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో తేలింది. అదే విషయాన్ని "నిన్న సరిగ్గా ఏం జరిగింది, నేనేమన్నాను, రేపు ఏం చేయగలను" అని వివరాల్లోకి దింపితే ఆ సుడి తగ్గుతుందని ఎడ్వర్డ్ వాట్కిన్స్ అనే పరిశోధకుడు చెప్తారు. అందుకే పడుకుని ఆలోచించకండి, లేచి కూర్చుని రాయండి. బాగా రాయక్కర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు 1986లో సాండ్రా బీల్‌తో కలిసి ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు తమ బాధల గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్లకి మనసు ఇంకా బరువెక్కింది, కానీ తర్వాతి నెలల్లో వాళ్లలో కొందరు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఈ లాభం సగటున చిన్నదే, అయినా రాసిన రోజు దిగులుగా ఉంటే కంగారు పడొద్దని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

సాహిత్య కథలు చదివితే ఎదుటివాళ్ల మనసు ఇంకా బాగా అర్థమవుతుందని 2013లో 'సైన్స్' అనే పత్రికలో వచ్చిన అధ్యయనం ఒకటి మీకూ ఎవరో ఒకరు చూపిస్తారు. వేరే బృందాలు మళ్లీ చేసి చూస్తే చాలావరకు ఆ ఫలితం రాలేదు. కాబట్టి మంచి జరుగుతుందని లెక్కేసుకుని చదవకండి, అలా చదివితే కథ కూడా హోంవర్క్ అయిపోతుంది.

ఇక "పారిపోతున్నానా" అన్న మీ ప్రశ్న. అలసిపోయిన మనిషి గంటసేపు వేరే లోకంలో ఉండటం తప్పేం కాదు, అది విశ్రాంతి. నేను చూసుకునే గుర్తు ఒక్కటే: చేయాల్సిన ఫోన్ చేయకుండా, వెళ్లాల్సిన ఇంటర్వ్యూకి వెళ్లకుండా, తెల్లారేదాకా చదువుతూ ఆ భయాన్ని రేపటికి నెడుతున్నానా అని. అలా ఉంటే పుస్తకాన్ని సాయంత్రానికి జరపండి, ఆ ఫోనేదో ముందు చేసేయండి.

ఇంకో మాట, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. రెండు వారాలకు మించి నిద్ర, తిండి దెబ్బతిన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, అప్పటికప్పుడు నమ్మకమున్న మనిషికి చెప్పి వాళ్లని తోడు తీసుకుని వెళ్లండి. అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వే ఫలితాలు 2005లో వచ్చాయి, మానసిక సమస్యలు వచ్చినవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి అవి 24 ఏళ్లలోపే మొదలయ్యాయట. అంటే మీ వయసులో ఇది రావడం వింతా కాదు, బలహీనతా కాదు. ఏ నవలా డాక్టర్ చేసే పని చేయదు.

విషాద కథలు మానేయమని స్నేహితులు అన్నారని రాశారు కదా. అన్నీ మానక్కర్లేదు, ఏడుపొస్తే ఏడవండి. కానీ మీకు ఇప్పుడు జరుగుతున్నదే పేజీ పేజీనా జరుగుతూ ఊపిరాడకపోతే సగంలో ఆపేయండి, పూర్తి చేయాలని రూలేం లేదు. నేను అలా ఆపేసిన ఒక నవలని ఉద్యోగం వచ్చాక, కాస్త స్థిమితపడ్డాక మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాను. చాలా మంచి నవల. అప్పుడు ఆపేసి మంచి పనే చేశానని ఇప్పటికీ అనుకుంటాను.