కెనడాలో చైల్డ్ అండ్ యూత్ కేర్ డిగ్రీ: "పిల్లల్ని చూసుకోవడమే కదా" అనుకుంటే ఇబ్బందే

మీ ప్రశ్న ఇది: విశాఖలో సైకాలజీతో బీఏ పూర్తిచేసిన మీ చెల్లెలికి కన్సల్టెన్సీ వాళ్ళు కెనడాలో చైల్డ్ అండ్ యూత్ కేర్ డిగ్రీ చేయమన్నారు. "పిల్లల్ని చూసుకోవడమే కదా, తేలిగ్గా గట్టెక్కచ్చు" అన్నారు. నిజమేనా అని అడిగారు. ఒంటారియోలో ఈ పనిలోనే ఉన్నాను, ప్రాక్టికమ్‌కి, అంటే చదువులో భాగంగా చేసే పని శిక్షణకి, వచ్చే విద్యార్థుల్ని చూస్తుంటాను కాబట్టి తెలిసినంత రాస్తున్నాను.

తేలిక కాదు. ఆ మాట అన్నవాళ్ళు దీన్ని డేకేర్ కోర్సుతో కలిపేసినట్టున్నారు. డేకేర్‌లో పసిపిల్లల్ని చూసుకునే చదువు ఈసీఈ, అంటే ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేషన్. దాని సిలబస్ వేరు, రిజిస్ట్రేషన్ వేరు. చైల్డ్ అండ్ యూత్ కేర్‌ని ఇక్కడ అందరూ సీవైసీ అంటారు. ఇందులో ఎక్కువగా ఎదురయ్యేది బడి ఈడు పిల్లలు, అందులోనూ టీనేజర్లు. ఇంటి నుంచి తీసుకొచ్చి గ్రూప్ హోంలో (సిబ్బంది పర్యవేక్షణలో కొందరు పిల్లలు కలిసి ఉండే ఇల్లు) ఉంచినవాళ్ళు, స్కూల్లో ప్రత్యేక తరగతిలో ఉన్నవాళ్ళు, ఆస్పత్రి మానసిక విభాగంలో చేరినవాళ్ళు, కోర్టు కేసుల్లో ఉన్నవాళ్ళు. సోషల్ వర్కర్ అప్పుడప్పుడు వచ్చి కేసు చూసి వెళ్తారు. సీవైసీ వర్కర్ పొద్దున లేపడం దగ్గర్నుంచి టిఫిను, బడి, హోంవర్కు, గొడవ, నిద్ర దాకా పిల్లల పక్కనే ఉంటారు. గదిలో ఎదురెదురుగా కూర్చుని చేసే కౌన్సెలింగ్ కాదిది. గిన్నెలు కడుగుతున్నప్పుడో, కారులో వెళ్తున్నప్పుడో పిల్లాడి నోటినుంచి జారిన ఒక్క మాటను పట్టుకుని అక్కడికక్కడే పనిచేయడం. ఫ్రిట్జ్ రెడ్ల్ 1950ల్లో ఈ పద్ధతికి లైఫ్ స్పేస్ ఇంటర్వ్యూ అని పేరు పెట్టాడు. ఇవాళ్టికీ కోర్సు దాని చుట్టూనే తిరుగుతుంది.

డిగ్రీ స్థాయిలో విక్టోరియా యూనివర్సిటీ, టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ, ఎడ్మంటన్‌లో మెక్‌యూవన్, బ్రిటిష్ కొలంబియాలో వాంకూవర్ ఐలాండ్ యూనివర్సిటీ, డగ్లస్ కాలేజీ ప్రధానమైనవి. ఒంటారియో కాలేజీల్లో ఇదే పేరుతో మూడేళ్ళ అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉంటుంది. అది డిగ్రీ కాదు. ఏజెంట్లు రెండిటినీ ఒకే గాటన కట్టి "డిగ్రీ" అనేస్తారు, ఆఫర్ లెటర్‌లో ఏ పదం ఉందో మీరే చదవండి. డిప్లొమా చేసినవాళ్ళు తర్వాత టొరంటో మెట్రోపాలిటన్‌లో పై ఏడాదుల్లో నేరుగా చేరే దారి ఉంది. మీ చెల్లెలికి ఇప్పటికే బీఏ ఉంది కాబట్టి మళ్ళీ నాలుగేళ్ళు ఫీజు కట్టే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: సీవైసీలో ఎంఏ ఎందుకు కాకూడదు? విక్టోరియాలోనూ, టొరంటో మెట్రోపాలిటన్‌లోనూ ఎంఏ ఉంది. అయితే పిల్లలతో పనిచేసిన అనుభవం చేతిలో లేకుండా ఎంఏ సీటు ఆశించడం కష్టం.

సిలబస్‌లో సైకాలజీ వాళ్ళకు తెలిసిన పేర్లే వస్తాయి. బౌల్బీ, ఐన్స్‌వర్త్‌ల అటాచ్‌మెంట్ (పిల్లలకీ పెంచేవాళ్ళకీ మధ్య బంధం), పిల్లాణ్ణి ఇల్లు, బడి, సమాజంతో కలిపి చూసే బ్రాన్ఫెన్‌బ్రెన్నర్ పర్యావరణ నమూనా, ట్రామా, కుటుంబాలతో పని, గ్రూపు నడపడం, చట్టం, నైతికత. ఇవన్నీ ఆమె చదివి పాసవుతుంది, దిగులక్కర్లేదు. కొత్తగా ఎదురయ్యేది విక్టోరియాలో పనిచేసిన జేమ్స్ ఆంగ్లిన్ చెప్పిన పెయిన్ బేస్డ్ బిహేవియర్ లాంటి ఆలోచన. పైకి మొండితనంగా, పొగరుగా కనిపించేదాన్ని లోపలి నొప్పిగా చూడమంటాడు ఆయన. వినడానికి బావుంటుంది. రాత్రి పదకొండింటికి పదిహేనేళ్ళ పిల్లాడు మీ మొహమ్మీదే బూతులు తిడుతున్నప్పుడు అలా చూడగలగడం వేరే సంగతి.

మనవాళ్ళు మార్కులు పోగొట్టుకునేది రెండు చోట్ల. మొదటిది రిఫ్లెక్షన్ పేపరు. ప్రతి ప్రాక్టికమ్ వారానికీ ఒకటి రాయమంటారు. మన చదువుల్లో "నేను" అని రాయకూడదని నేర్పారు కదా, అందుకని సిద్ధాంతాలన్నీ వరుసగా అప్పజెప్పి పంపుతారు. సగం మార్కులు కూడా రావు. అడిగేది ఇది: ఆ పిల్లాడు తలుపు ధడాలున వేసినప్పుడు నీలో ఏం జరిగింది, ఆ కోపం ఎక్కడిది, అది నీ తర్వాతి మాటను ఎలా మార్చింది, మళ్ళీ అదే ఎదురైతే ఏం చేస్తావు. ఒక చిన్న సంఘటన తీసుకుని, దానికి ఒకే ఒక్క సిద్ధాంతం తగిలించి, మిగతా పేజీ అంతా తన ఆలోచనల మీద పెడితే చాలు. సంస్కారవంతంగా కనపడాలని అన్నీ మంచిగా జరిగాయని రాస్తే టీచర్లకు ఇట్టే తెలిసిపోతుంది.

రెండోది లాగ్ నోట్. షిఫ్టు చివర ప్రతి పిల్లాడి గురించీ రాయాల్సిన రికార్డు. కొత్తవాళ్ళు ఇలా రాస్తారు: "ఇవాళ బాగా మొండికేశాడు, చెప్పిన మాట వినలేదు, మూడ్ బాలేదు." ఇందులో ఒక్కటి కూడా చూసింది కాదు, అన్నీ తీర్పులే. కావలసింది ఇలా ఉంటుంది: "9:40కి ఫోను చార్జింగ్ బుట్టలో పెట్టమని అడిగాను. 'పెట్టను, మా అమ్మ ఫోన్ చేస్తుంది' అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. 9:50కి తలుపు కొట్టి, అమ్మ ఏ టైముకి చేస్తానందో అడిగాను. 'పదింటికి' అన్నాడు. 10:15 వరకు ఫోను ఉంచుకోవచ్చని చెప్పాను. కాల్ రాలేదు. 10:20కి తనే తెచ్చి ఇచ్చాడు, మాట్లాడలేదు." టైము, ఎవరేం అన్నారు, ఎవరేం చేశారు, అంతే. ఈ కాగితం కోర్టుకు వెళ్ళొచ్చు, రేపు ఆ పిల్లాడే పెద్దయ్యాక తన ఫైలు తెప్పించుకుని చదవొచ్చు. మొదటి నోట్‌లో పొగరుబోతు కనిపిస్తాడు, రెండో దాంట్లో అమ్మ ఫోను కోసం ఎదురుచూసిన పిల్లాడు కనిపిస్తాడు. పొద్దున షిఫ్టుకి వచ్చేవాళ్ళు వాణ్ణి ఎలా లేపాలో ఈ తేడాయే నిర్ణయిస్తుంది. గాయం, పారిపోవడం, పోలీసులు రావడం లాంటివి జరిగితే దీనికి పైన సీరియస్ అకరెన్స్ రిపోర్టు కూడా ఉంటుంది. ఒంటారియోలో తీవ్రమైనవి గంటలోపు, మిగతావి 24 గంటల్లోపు మంత్రిత్వ శాఖకు చేరాలి.

పెరిగిన పద్ధతి వల్ల వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. పిల్లాడు నోరు విప్పగానే "చూడు నాన్నా, చదువుకుంటేనే జీవితం" అని సలహా మొదలుపెట్టేస్తాం. అక్కడితో వాడు నోరు మూసేస్తాడు. ఊరికే పక్కన కూర్చుని వినడం, పేకాట ఆడుతూ మాట్లాడటం, ఏం చెప్పకుండా లేచి రావడం పనిగా అనిపించదు. కానీ అదే పని. సొంత డబ్బుతో చాక్లెట్లు, బహుమతులు కొనివ్వడం, ఇన్‌స్టాగ్రామ్‌లో కలుపుకోవడం, ఇంటి నెంబరు ఇవ్వడం కూడదు. ప్రేమతో చేసినా ప్రాక్టికమ్ అక్కడితో ఆగిపోవచ్చు.

రహస్యాల సంగతి విడిగా చెప్పాలి. "ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మాట ఇవ్వకూడదు. "నువ్వు చెప్పేది మన మధ్యే ఉంచడానికి చూస్తాను. కానీ నీకుగానీ ఇంకొకరికిగానీ ప్రమాదం ఉందనిపిస్తే నేను చెప్పి తీరాలి. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తాను" అనాలి. దీని వెనక చట్టం ఉంది. ఒంటారియోలో 2017 నాటి చైల్డ్, యూత్ అండ్ ఫ్యామిలీ సర్వీసెస్ యాక్ట్ 125వ సెక్షన్ ప్రకారం 16 ఏళ్ళలోపు పిల్లలకు హాని జరుగుతోందన్న సహేతుకమైన అనుమానం ఉంటే చాలు, పిల్లల రక్షణ చూసే సంస్థ చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీకి రిపోర్టు చేయాలి. రుజువు అక్కర్లేదు. 16, 17 ఏళ్ళ వాళ్ళ విషయంలో తప్పనిసరి కాదు, చేయొచ్చు. విన్నవాళ్ళే స్వయంగా చేయాలి, "సూపర్‌వైజర్‌కి చెప్పాను" అంటే సరిపోదు. వృత్తిలో ఉన్నవాళ్ళు చేయకపోతే 5,000 డాలర్ల దాకా జరిమానా. వయసు పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, బ్రిటిష్ కొలంబియాలో 19 ఏళ్ళలోపు వాళ్ళంతా చట్టం దృష్టిలో పిల్లలే.

మన దగ్గర కన్సల్టెన్సీలు ఎత్తనే ఎత్తని విషయం ఆదివాసీ పిల్లలది. 2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో 14 ఏళ్ళ లోపు పిల్లల్లో ఫస్ట్ నేషన్స్, మెటి, ఇన్యుయిట్ పిల్లలు 7.7 శాతం. ఫోస్టర్ ఇళ్ళలో, అంటే సొంత ఇంటికి దూరంగా వేరే కుటుంబాల సంరక్షణలో, ఉన్న అదే వయసు పిల్లల్లో మాత్రం 53.8 శాతం వాళ్ళే. ఆదివాసీ పిల్లల్ని కుటుంబాలకు, భాషకు దూరం చేసిన రెసిడెన్షియల్ స్కూళ్ళు, ఆ తర్వాత 1960ల్లో పిల్లల్ని ఇళ్ళనుంచి తీసుకెళ్ళి దత్తతకు ఇచ్చేయడం, ఈ చరిత్రంతా మొదటి ఏడాదిలోనే చదవాలి. ఆ స్కూళ్ళ చరిత్రను విచారించిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో ఇచ్చిన 94 కార్యాచరణ పిలుపుల్లో మొదటి ఐదూ పిల్లల సంక్షేమం మీదే. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ చట్టం ఆ సమాజాలకు తమ పిల్లల సంరక్షణపై సొంత చట్టాలు చేసుకునే అధికారాన్ని గుర్తించింది. దీన్ని బట్టీ పట్టే అధ్యాయంగా చూడొద్దు, ఆమె కలిసే కుటుంబాల్లో సీవైసీ వర్కర్‌ని చూడగానే భయపడేవాళ్ళు ఎందుకున్నారో ఇందులోనే ఉంది.

ఇక కాగితాలు. ప్రాక్టికమ్ మొదలవ్వాలంటే వల్నరబుల్ సెక్టార్ చెక్, అంటే పిల్లల్లాంటి బలహీనులతో పనిచేసేవాళ్ళకు చేసే పోలీసు రికార్డు పరిశీలన, కావాలి. ఇది ఆమె ఉండే ఊరి పోలీసుల దగ్గర చేయించాలి, ఇండియా నుంచి కుదరదు. ఆమె లింగం, పుట్టిన తేదీ క్షమాభిక్ష పొందిన ఒక లైంగిక నేరస్థుడి రికార్డుతో కలిస్తే వేలిముద్రలు అడుగుతారు. భయపడక్కర్లేదు, కానీ వారాలు పడుతుంది, కాబట్టి దిగిన వెంటనే దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ కూడా వెంట ఉంచుకోవాలి. టీకాల రికార్డు, టీబీ పరీక్ష, ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ సర్టిఫికెట్ సాధారణంగా అడుగుతారు. అసిస్ట్ అనే ఆత్మహత్య నివారణ శిక్షణ రెండు రోజులది. ఉద్యోగాల్లో పదే పదే కనపడుతుంది కాబట్టి చదువులోనే పూర్తిచేసుకుంటే మేలు.

స్టడీ పర్మిట్ చేతికొచ్చాక దానిమీది షరతులు అక్షరం అక్షరం చదవాలి. చైల్డ్ కేర్, స్కూల్ టీచింగ్, ఆరోగ్య సేవల్లో పనిచేయడానికి వీల్లేదన్న వాక్యం కొన్నిటిమీద ఉంటుంది. ఆ రంగాలకు కావలసిన వైద్య పరీక్ష ఫలితం పర్మిట్‌కు జతపడకపోతే ఇలా వస్తుంది. ప్రాక్టికమ్ సీటు అక్కడే ఆగిపోతుంది. ప్యానెల్ డాక్టరు (కెనడా ఇమిగ్రేషన్ శాఖ గుర్తించిన డాక్టరు) దగ్గర పరీక్ష చేయించిన రుజువు ఉంచుకుని, ఆ వాక్యం కనిపిస్తే వెంటనే తీసేయమని దరఖాస్తు పెట్టాలి.

చదువయ్యాక వర్క్ పర్మిట్ విషయంలో డిగ్రీకి, డిప్లొమాకి పెద్ద తేడా. 2024 నవంబర్ 1 నుంచి డిప్లొమా వాళ్ళకు కోర్సు విభాగం ప్రభుత్వ జాబితాలో ఉండాలన్న నిబంధన వచ్చింది. డిప్లొమా ఆలోచన ఉంటే ఆ ప్రోగ్రాం సీఐపీ కోడ్‌ (కోర్సు ఏ విభాగమో చెప్పే నెంబరు) ఏమిటో కాలేజీ చేత రాయించుకుని జాబితాతో సరిచూడండి. బ్యాచిలర్స్, మాస్టర్స్ వాళ్ళకు ఆ నిబంధన లేదు, కానీ యూనివర్సిటీ డిగ్రీకి కెనడా భాషా కొలమానం సీఎల్‌బీలో 7వ స్థాయి ఇంగ్లిష్ స్కోరు చూపాలి. అడ్మిషన్ కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ ఇక్కడ చెల్లదు, జనరల్ రాయాలి.

ఉద్యోగం దగ్గర ఒక నిజం. ఒంటారియోలో సోషల్ వర్కర్లకు, సోషల్ సర్వీస్ వర్కర్లకు, ఈసీఈలకు చట్టబద్ధమైన నియంత్రణ సంస్థలున్నాయి. సీవైసీకి లేదు. ఈ డిగ్రీతో రిజిస్టర్డ్ సోషల్ వర్కర్ అవ్వలేరు, దానికి సోషల్ వర్క్‌లో డిగ్రీ గానీ (బీఎస్‌డబ్ల్యూ) పీజీ గానీ (ఎంఎస్‌డబ్ల్యూ) కావాలి. కొత్తగా వచ్చేవాళ్ళకు మొదట దొరికేది చాలావరకు గ్రూప్ హోంలో రిలీఫ్ షిఫ్టులు, అంటే రెగ్యులర్ వాళ్ళు లేనప్పుడు బదులుగా చేసేవి: సాయంత్రాలు, వారాంతాలు, రాత్రంతా మెలకువగా ఉండే డ్యూటీలు. స్కూల్ బోర్డు ఉద్యోగాలు స్థిరమైనవి, వాటికి పోటీ ఎక్కువ. కారు లైసెన్సు లేకపోతే సగం ప్రకటనలకు దరఖాస్తే పెట్టలేరు, పిల్లల్ని బడికీ అపాయింట్‌మెంట్లకీ తీసుకెళ్ళేది వర్కర్లే.

తెలుగు వచ్చినవాళ్ళకు ఇక్కడ విలువ ఉంది. ఊరు మారి తల్లిదండ్రులతో పడని పిల్లలున్న తెలుగు కుటుంబాలు టొరంటో పక్కనున్న బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో కనిపిస్తాయి. పిల్లాడి చేతే తల్లికి మాటలు అనువదింపజేసే దుస్థితి తప్పుతుంది. కానీ ఆ కుటుంబమే ఉగాది సంబరాల్లో ఎదురుపడొచ్చు. మొదటి రోజే "బయట కనిపిస్తే నేను ముందుగా పలకరించను, మీరు పలకరిస్తేనే" అని వాళ్ళతో తేల్చుకోవాలి.

తిరిగి వెళ్ళి ఆంధ్రాలో పనిచేయాలనుకుంటే మాత్రం నేను ఇండియాలోనే ఎంఎస్‌డబ్ల్యూ చేయమంటాను. జిల్లా బాలల సంరక్షణ యూనిట్ల పోస్టులకు అడిగేది సోషల్ వర్క్, సోషియాలజీ, సైకాలజీ, చైల్డ్ డెవలప్‌మెంట్ లాంటి పేర్లు. సీవైసీ అంటే ఏమిటో ప్రతి ఇంటర్వ్యూలోనూ వివరించుకోవాల్సి వస్తుంది.

ఫీజు కట్టేముందు ఆమెను కొన్ని నెలలు బాలల న్యాయ చట్టం 2015 కింద రిజిస్టరైన ఏదైనా వసతి గృహంలో వలంటీరుగా పెట్టండి. జిల్లా యూనిట్ అనుమతితో, వారానికి రెండు సాయంత్రాలు చాలు. చివర్లో లెటర్‌హెడ్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, మొత్తం ఎన్ని గంటలు, ఏ వయసు పిల్లలతో, ఏం పని, ఎవరి పర్యవేక్షణలో అని స్పష్టంగా రాయించుకోవాలి. "చాలా బాగా సేవ చేసింది" అన్న ఒక్క వాక్యం లేఖ అడ్మిషన్ వాళ్ళకు ఎందుకూ పనికిరాదు.