ల్యాప్‌టాప్‌లో నడిచిన ఇమేజ్ మిల్లులో ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: మా మామయ్య రైస్ మిల్లు కోసం ఫారో స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కాంటా ప్రోగ్రాం రాశాను. వడ్ల ట్రాక్టర్ బరువు సీరియల్ పోర్టు నుంచి వస్తుంది, చీటీ ప్రింట్ అవుతుంది. చీటీలన్నీ ఒక క్లాస్ వేరియబుల్‌లో (ప్రోగ్రాం మెమరీలోని ఒక చోట) ఉంచి సాయంత్రం ఇమేజ్ (నడుస్తున్న ప్రోగ్రాం మొత్తం ఉండే ఫైల్) సేవ్ చేస్తాం. నా ల్యాప్‌టాప్ ఇమేజ్‌నే అక్కడ కాపీ చేశాను. కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైతే బరువు రావట్లేదు. డీబగ్గర్ (ప్రోగ్రాంలో తప్పు వెతికే విండో) తెరుచుకుంటే గుమస్తాకు ఒకటే టెన్షన్. ఫైల్ సైజు కూడా పెరుగుతోంది.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ చీటీల సంగతి చూడండి, మిగతావి తర్వాత. పొద్దున సేవ్ చేసి, సాయంత్రం సేవ్ చేసేలోపు కరెంటు పోతే ఆ రోజు తూకాలన్నీ పోయినట్టే. ‘చేంజెస్ ఫైల్ ఉందిగా’ అనుకోకండి. అందులో మీరు మార్చిన కోడ్ దొరుకుతుంది కానీ, రైతుల చీటీలు దొరకవు. ప్రతి తూకాన్నీ అప్పటికప్పుడే ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్ లాంటి ఏదో ఒక డేటాబేస్‌లో రాయించండి. సైజు పెరగడానికీ బహుశా ఆ చీటీలే కారణం. క్లాస్ వేరియబుల్ పట్టుకుని ఉన్నంతకాలం చెత్త ఏరివేతలో (వాడుకలో లేనివాటిని మెమరీ నుంచి తీసేసే పనిలో) ఒక్కటీ పోదు.

ఇక ఇమేజ్. నడుస్తున్న మెమరీని ఉన్నదున్నట్టు ఫైల్‌లోకి దించితే అదే ఇమేజ్. 1970లలో జిరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రం పార్క్‌లో స్మాల్‌టాక్ పుట్టినప్పటి పద్ధతే ఇది. కాబట్టి మీరు తెరిచి వదిలేసిన విండోలు, టెస్టింగ్ కోసం సృష్టించిన ఉత్తుత్తి ట్రాక్టర్లు, సగం మార్చిన మెథడ్లు కూడా మిల్లుకు చేరాయి. కోడ్ రాసేటప్పుడు ఈ సౌకర్యం నాకూ ప్రాణమే. కానీ రాసుకునే ఇమేజ్‌ను పనిలో పెట్టడాన్ని నేను ఒప్పుకోను. కోడ్‌ను ఫారోలోని ఐస్‌బర్గ్ అనే పనిముట్టుతో గిట్‌లో (కోడ్ మార్పులను భద్రపరిచే వ్యవస్థలో) పెట్టండి. విడుదల చేసిన ప్రతిసారీ తాజా ఫారో ఇమేజ్ తీసుకుని, కమాండ్ లైన్ నుంచి మెటాచెల్లో అనే పనిముట్టుతో మీ బేస్‌లైన్ (ప్రోగ్రాంలో ఏయే ప్యాకేజీలు ఉండాలో చెప్పే జాబితా) ఎక్కించి, టెస్టులు నడిపి, కొత్త పేరుతో సేవ్ చేయండి. దానికి సరిపోయే వీఎంను (ఇమేజ్‌ను నడిపే వర్చువల్ మెషీన్‌ను) కూడా జతగా పంపండి. పాస్‌వర్డులు మాత్రం ఇమేజ్‌లో వద్దు, బయట సెట్టింగుల ఫైల్‌లో ఉంచండి.

బరువు రాకపోవడానికి కారణం తేలికే. సేవ్ చేసినప్పుడు తెరిచి ఉన్న పోర్టు హ్యాండిల్ (ఆపరేటింగ్ సిస్టం ఇచ్చిన గుర్తు) కొత్త ప్రాసెస్‌లో చెల్లదు. మీ క్లాస్‌ను ఇమేజ్ మొదలవడం, ఆగడం చూసుకునే సెషన్ మేనేజర్‌లో నమోదు చేసి, మొదలైనప్పుడు పోర్టు తెరిచేలా, ఆగేటప్పుడు మూసేలా రాయండి.

గుమస్తాకు ఫారో తెర చూపించాల్సిన పనే లేదు. ఇమేజ్‌ను హెడ్‌లెస్‌గా (తెర లేకుండా) నడిపి, టీపాట్ అనే ఫారో వెబ్ లైబ్రరీతో చిన్న వెబ్ పేజీ చేసి బ్రౌజర్‌లో ఇవ్వండి. తప్పు జరిగితే పై స్థాయిలోనే పట్టుకుని, స్టాక్ (తప్పు ఏయే మెథడ్ల గుండా వచ్చిందో చూపే జాబితా) మొత్తం లాగ్ ఫైల్‌లో రాయించండి. ఆయనకు ‘మళ్లీ కాంటా పెట్టండి’ అన్న ఒక్క మాట కనిపిస్తే చాలు. మిల్లు కంప్యూటర్‌లో లినక్స్ ఉంటే, ప్రోగ్రాం పడిపోయినా దానంతటదే లేచేలా లినక్స్‌లో ప్రోగ్రాంలను నడిపించే సిస్టమ్‌డీకి అప్పగించండి.

ఇదంతా వానకాలం వడ్లు దిగేలోపే ముగించండి. గేటు ముందు ట్రాక్టర్లు బారు తీరాక కొత్త ఇమేజ్ పెట్టక తప్పకపోతే, పాతదాన్ని చెరపకుండా పక్కన ఉంచండి. తేడా వస్తే మళ్లీ దాన్నే నడపొచ్చు. తూకాలు డేటాబేస్‌లో ఉంటాయి కనుక వాటికి ఢోకా ఉండదు. ఒక్కటి చూసుకోండి: కొత్త వెర్షన్ కోసం డేటాబేస్ పట్టికలు మార్చితే పాత ఇమేజ్‌కు అవి అర్థం కాకపోవచ్చు. పట్టికల మార్పులు సీజన్ అయ్యాకే పెట్టుకోండి.